పోకెమాన్ గోల్డ్: పాత కార్ట్రిడ్జ్ కొనాలా, హార్ట్‌గోల్డ్ ఆడాలా?

హూట్‌హూట్_రాత్రి

అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఒసాకాలో ఉంటున్నాను. ఇక్కడ నిప్పొంబాషిలో డెన్‌డెన్ టౌన్ అని ఒక వీధి ఉంది, ఎలక్ట్రానిక్స్ షాపులు, పాత గేముల షాపులు వరసగా ఉంటాయి. అక్కడ పోకెమాన్ గోల్డ్, సిల్వర్ గేమ్‌బాయ్ కార్ట్రిడ్జులు చాలా కనిపిస్తున్నాయి, బాక్స్ లేకుండా ఉత్త కార్ట్రిడ్జ్ అయితే ధర కూడా అందుబాటులోనే ఉంది. ఇప్పటిదాకా నేను ఆడినవి ఫైర్‌రెడ్, ఎమరాల్డ్ మాత్రమే. గోల్డ్, సిల్వర్ జరిగే జోటో ప్రాంతం అసలు చూడలేదు. పోకెమాన్ గేముల్లో అదే గొప్పదని చాలామంది అంటుంటే ఎప్పటికైనా ఆడాలని మనసులో ఉంది.

నా అనుమానాలు ఇవీ. అదే గేమ్‌ని 2009లో హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ పేరుతో నింటెండో డీఎస్‌కి మళ్లీ చేశారు కదా, అది ఉండగా 1999 నాటిది ఎందుకు ఆడాలి? పాత కార్ట్రిడ్జుల్లో బ్యాటరీ అయిపోతే సేవ్ నిలవదని చదివాను, దానికి ఏం చేయాలి? ఇంకొకటి, ఈ గేమ్‌లో పగలూ రాత్రీ నిజం టైమ్‌ని బట్టి మారతాయట. నాకు రోజూ రాత్రి భోజనం అయ్యాకే ఆడటానికి కుదురుతుంది. అలాంటప్పుడు సగం పోకెమాన్లు నాకు కనపడకుండానే పోతాయా?

జపనీస్‌లో హిరగానా, కతకనా అక్షరాలు చదవగలను, కంజీ (చైనా నుంచి వచ్చిన గుర్తులు) రాదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ ఉంది, ఒక పాత డీఎస్ కూడా ఉంది.

ఇలెక్స్_అడవి

పాతదే కొనండి బ్రో. హార్ట్‌గోల్డ్ చాలా మంచి గేమ్, దాన్ని తర్వాత ఎప్పుడైనా ఆడుకోవచ్చు. కానీ అది ఆడాక ఒరిజినల్‌కి వెనక్కి వెళ్లడం కష్టం, ఒరిజినల్ ఆడి దానికి వెళ్తే మాత్రం ఏమేం మార్చారో, ఏవి ముట్టుకోకుండా వదిలేశారో ప్రతి ఊళ్లోనూ తెలుస్తుంది.

భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. గోల్డ్, సిల్వర్ జపనీస్ కాపీల్లో కంజీ ఉండదు, మొత్తం హిరగానా, కతకనాలోనే రాశారు. పదాల మధ్య ఖాళీలు కూడా ఉంటాయి కాబట్టి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి బాగా పనికొస్తుంది. గేమ్‌బాయ్ కార్ట్రిడ్జులకి రీజియన్ లాక్ లేదు, మీ ఎస్పీలో పెడితే ఆడుతుంది. డీఎస్‌లో మాత్రం పట్టదు, అందులో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జులకే చోటుంది.

ఇక గడియారం సంగతి. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. 1996లో వచ్చిన మొదటి పోకెమాన్ గేములు రెడ్, గ్రీన్‌లో మీరు ఎప్పుడు ఆన్ చేసినా అదే లోకం, మీరు లేనప్పుడు అక్కడ ఏమీ జరగదు. గోల్డ్ కార్ట్రిడ్జ్ లోపలే చిన్న గడియారం పెట్టారు, గేమ్‌బాయ్ ఆపేసినా అది తిరుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున 4 నుంచి 10 దాకా ఉదయం, 10 నుంచి సాయంత్రం 6 దాకా పగలు, అక్కడినుంచి మళ్లీ 4 దాకా రాత్రి. మొదటి గడ్డిలోనే పగలు పిడ్జీ వస్తుంది, రాత్రయితే హూట్‌హూట్ వస్తుంది. వారాలు కూడా లెక్కే. నేషనల్ పార్క్‌లో పురుగుల పోటీ మంగళ, గురు, శనివారాల్లో మాత్రమే పెడతారు. యూనియన్ కేవ్ అడుగున నీళ్లలో లాప్రాస్ శుక్రవారం ఒక్కరోజే కనిపిస్తుంది. అజేలియా ఊళ్లో కర్ట్ అనే పెద్దాయనకి ఆప్రికార్న్ కాయ ఇస్తే దాంతో పోకెమాన్లని పట్టే బాల్ చేసి పెడతాడు, కానీ మర్నాడు వెళ్లి తీసుకోవాలి. చెట్ల మీద బెర్రీలు కోస్తే మళ్లీ మర్నాటికి కాస్తాయి. దారిలో ఓడించిన ట్రైనర్లు నంబరు తీసుకుని, తర్వాత ఎప్పుడో ఫోన్ చేసి మళ్లీ ఆడదాం రమ్మంటారు.

ఇవన్నీ కలిసి ఏం చేస్తాయంటే, ఒక్క ఆదివారం కూర్చుని గేమ్ అంతా అవగొట్టేద్దాం అనుకున్నా అది లొంగదు. రోజూ కాసేపు వెళ్లొచ్చే ఊరులా ఉంటుంది. ఈ రోజు కుదరనిది రేపటికి ఉంటుంది, శుక్రవారం వస్తే లాప్రాస్ గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో పట్టుకుని ఆడే గేముల్లో ఇంత పట్టుదలగా నిజం కాలాన్ని కలిపినవి చాలా తక్కువ.

మీరు రాత్రే ఆడతానన్నారు కాబట్టి సూటిగా చెప్తాను, కథకి ఏ ఇబ్బందీ ఉండదు. జిమ్‌లు (నాయకుడిని ఓడించి బ్యాడ్జ్ గెలిచే చోట్లు), ఎలైట్ ఫోర్ (చివర్లో ఓడించాల్సిన నలుగురు మేటి ట్రైనర్లు) రాత్రి కూడా తెరిచే ఉంటాయి. రాత్రి ఆడేవాళ్లకి దొరికేవి కూడా తక్కువేం కాదు, గ్యాస్ట్లీ లాంటివి చీకటి పడ్డాకే వస్తాయి. ఈవీని బాగా మచ్చిక చేసి రాత్రి లెవెల్ ఎక్కిస్తే అంబ్రియాన్ అవుతుంది, వెలుతురు ఉన్నప్పుడు ఎక్కిస్తే ఎస్పియాన్ అవుతుంది. హాప్పిప్ లాంటివి కొన్ని పగలే తిరుగుతాయి, వాటి కోసం శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఒక అరగంట ఆన్ చేస్తే చాలు. కొంతమంది మొదట్లో టైమ్ అడిగినప్పుడు కావాలనే పన్నెండు గంటలు తేడాగా పెట్టేస్తారు, రాత్రి ఆడుతూ పగలు చూడొచ్చని. నా మాట వినండి, అలా చేయకండి. బయట చీకటి పడుతుంటే గేమ్‌లో కూడా రంగులు నీలంగా మారడం చూడాలి మీరు.

సుడోవుడో_చెట్టు

నాది పూర్తిగా వేరే మాట. మీకు రోజుకి గంటే ఉందంటే హార్ట్‌గోల్డ్ ఆడండి.

పై అన్న గడియారం గురించి రాసిందంతా నిజమే, కానీ హార్ట్‌గోల్డ్‌లోనూ అదంతా ఉంది, డీఎస్ గడియారంతో నడుస్తుంది. పైగా సేవ్‌కి బ్యాటరీ గొడవే లేదు. జట్టులో మొదట ఉన్న పోకెమాన్ మీ వెనకే నడుచుకుంటూ వస్తుంది, వెనక్కి తిరిగి మాట్లాడితే దాని మూడ్ చెప్తుంది, ఈ ఒక్కదాని కోసమే చాలామంది ఇప్పటికీ దీన్ని ప్రాణంగా చూసుకుంటారు.

అసలు నా అభ్యంతరం యుద్ధాల దగ్గర. పాత గోల్డ్‌లో ఒక దెబ్బ ఫిజికల్లా స్పెషలా అన్నది దాని టైప్‌ని బట్టి తేలిపోతుంది. వాటర్, ఫైర్, గ్రాస్, ఎలక్ట్రిక్, ఐస్, సైకిక్, డ్రాగన్, డార్క్ అన్నీ స్పెషల్ కిందికే వస్తాయి. దానివల్ల గ్యారడాస్ లాంటి బలమైనది సర్ఫ్ అనే వాటర్ దెబ్బ కొట్టినా పెద్దగా తగలదు, దాని అటాక్ 125, స్పెషల్ అటాక్ 60 మాత్రమే. స్నీజల్ పరిస్థితి ఇంకా అన్యాయం, డార్క్, ఐస్ రెండూ స్పెషల్, దాని స్పెషల్ అటాక్ 35. సొంత టైప్ దెబ్బలే దానికి పనికిరావు. 2006లో డైమండ్, పెర్ల్ నుంచి ప్రతి దెబ్బకి విడిగా నిర్ణయించారు, హార్ట్‌గోల్డ్‌కి ఆ పద్ధతే వచ్చింది. మీరు ఆడిన ఫైర్‌రెడ్, ఎమరాల్డ్‌లో కూడా పాత లెక్కే కాబట్టి మీకు అలవాటే అయి ఉండొచ్చు, అయినా తేడా చూస్తే వదలరు.

ఇంకొక బాధ ఏంటంటే, గోల్డ్‌లో కొత్తగా 100 పోకెమాన్లు తెచ్చి వాటిలో మంచివాటిని చివర దాచేశారు. హౌండోర్, మర్క్రో, స్లగ్మా కాంటోకి (మొదటి గేముల ప్రాంతం, ఇందులో ఎలైట్ ఫోర్ తర్వాతే తెరుచుకుంటుంది) వెళ్లాకే, లార్విటార్, మిస్డ్రీవస్ ఆఖర్న వచ్చే మౌంట్ సిల్వర్‌లోనే. అంటే ఎలైట్ ఫోర్ గెలిచేదాకా డార్క్ టైప్ అంటే మీకు దాదాపు అంబ్రియాన్ ఒక్కటే. కొత్త టైప్ తెచ్చామని చెప్పి ఆడేవాళ్ల చేతికి ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఒరిజినల్ హార్ట్‌గోల్డ్ కార్డ్ మామూలు డీఎస్ కార్డుల్లా బూడిద రంగులో ఉండదు, నల్లగా ఉండి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కొంచెం పారదర్శకంగా కనిపిస్తుంది, ఎందుకంటే పోకెవాకర్‌తో (గేమ్‌తో పాటు వచ్చిన, అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరం) మాట్లాడటానికి లోపల ఇన్‌ఫ్రారెడ్ ఉంది. బూడిద రంగుది ఇస్తే నకిలీ అనుకోండి.

సోల్డర్_స్టేషన్

బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, పాత కార్ట్రిడ్జులు బాగుచేయడం నా హాబీ.

గోల్డ్, సిల్వర్, వాటి తర్వాతి రూపం క్రిస్టల్ మూడింటిలోనూ సీఆర్2025 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది, బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. సేవ్ దాచే మెమరీకి కరెంటు లేకపోతే అందులో ఉన్నది చెరిగిపోతుంది, ఆ కరెంటు ఈ బ్యాటరీయే ఇస్తుంది. రెడ్, బ్లూలో బ్యాటరీ పని అంతే. గోల్డ్‌లో దానికి తోడు గడియారాన్ని కూడా ఇరవైనాలుగు గంటలూ నడపాలి. అందుకే ముందొచ్చిన రెడ్ సేవ్‌లు ఇంకా బతికి ఉంటాయి, వెనకొచ్చిన గోల్డ్ సేవ్‌లు పోయి ఉంటాయి. పాతికేళ్లు దాటిన ఒరిజినల్ బ్యాటరీ ఉన్నది దొరికితే అది అయిపోయిందనే అనుకుని కొనండి.

షాపులో పరీక్షించడానికి అవకాశం ఇస్తే కొత్త గేమ్ మొదలుపెట్టి, గదిలోంచి బయటికి రాగానే సేవ్ చేసి, ఆపి, కార్ట్రిడ్జ్ తీసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టి చూడండి. ఈ పరీక్షలో నెగ్గినా ఇంకెన్నాళ్లు వస్తుందో చెప్పలేం. కాబట్టి ఎలాగూ కొత్త సేవ్‌తోనే మొదలుపెడతారు, ఆడకముందే మార్చేయండి. సగం గేమ్ అయ్యాక మారిస్తే బ్యాటరీ తీసిన క్షణంలో అప్పటిదాకా ఆడిందంతా పోతుంది.

కావాల్సినవి: 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్, మామూలు సోల్డరింగ్ ఐరన్, ట్యాబులు అతికించి ఉన్న సీఆర్2025. ట్యాబులు లేని బిళ్లకి నేరుగా సోల్డర్ పెట్టొద్దు, వేడికి బ్యాటరీ పేలే ప్రమాదం ఉంది, ఇన్సులేషన్ టేపుతో అంటించి వదిలేస్తే కొన్నాళ్లకి కదిలి సేవ్ పోతుంది. ప్లస్, మైనస్ గుర్తులు బోర్డు మీదే ఉంటాయి, పాతది తీసేముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. మీకు ఐరన్ పట్టడం అలవాటు లేకపోతే చేయించుకోండి, చిన్న పనే. ఒసాకాలో బ్యాటరీ కొత్తగా మార్చి అమ్మే షాపులు కూడా ఉంటాయి, లేబుల్ పక్కన రాసి పెడతారు.

పాత సేవ్ బతికి ఉన్న కార్ట్రిడ్జ్ దొరికితే మాత్రం వెంటనే చెరిపేయకండి. జీబీ ఆపరేటర్, జీబీఎక్స్‌కార్ట్ లాంటి రీడర్లు యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి సేవ్‌ని ఫైల్‌గా తీసుకోవచ్చు, బ్యాటరీ మార్చాక తిరిగి ఎక్కించొచ్చు. ఎవరో జపాన్ పిల్లవాడు 1999 చలికాలంలో పట్టుకుని పేర్లు పెట్టుకున్న జట్టు అందులో ఉంటుంది, నేను అలాంటివి దొరికినప్పుడల్లా ముందు కాపీ తీసే మిగతా పని మొదలుపెడతాను.

హూట్‌హూట్_రాత్రి

అందరికీ చాలా థాంక్స్. బ్యాటరీ మార్చి ఉన్న గోల్డ్ తీసుకున్నాను, సేవ్ బాగానే నిలుస్తోంది. టైమ్ నిజందే పెట్టాను. హార్ట్‌గోల్డ్ తర్వాత కచ్చితంగా ఆడతాను సుడోవుడో బ్రో, మీరు చెప్పిన డార్క్ టైప్ సంగతి ఇప్పటికే అర్థమవుతోంది.

ఇప్పుడు గోల్డెన్‌రాడ్ జిమ్‌లో ఇరుక్కున్నాను. ఇక్కడి కాపీలో ఆ అమ్మాయి పేరు అకానే, ఇంగ్లిష్‌లో విట్నీ అనుకుంటా. ఆమె మిల్‌టాంక్ దొర్లుకుంటూ వచ్చి జట్టు మొత్తాన్ని పడగొట్టేస్తోంది. మొదటి దెబ్బ చిన్నగా తగిలి, మూడో దెబ్బకి ఏదీ నిలబడట్లేదు. నా సిండాక్విల్ అయితే మనసు పారేసుకుని కొట్టడమే మానేస్తోంది. జిమ్ నార్మల్ టైప్ అని తేలిగ్గా తీసుకోకూడదని అర్థమైంది, ఏం చేయాలో మాత్రం తెలియట్లేదు. లెవెల్స్ పెంచుకుంటూ కూర్చోవడం తప్ప వేరే దారి ఉందా?

వన్‌రికీ_కండలు

ఉంది. గ్రైండ్ చేయక్కర్లేదు, ఆ మిల్‌టాంక్‌ని విడగొట్టి చూడాలి.

దొర్లే దెబ్బ రోలౌట్, మీ కాపీలో కొరొగారు. దాని బలం 30తో మొదలై ప్రతిసారీ రెట్టింపు అవుతుంది: 30, 60, 120, 240, 480. ఐదుసార్లు వరసగా తగిలాకే ఆగుతుంది, లేదా మధ్యలో ఒక్కసారి గురి తప్పినా మళ్లీ 30కి వస్తుంది. మీ సిండాక్విల్ కొట్టడం మానేస్తోంది కదా, అది అట్రాక్ట్, మెరొమెరొ. మిల్‌టాంక్ ఎప్పుడూ ఆడదే, కాబట్టి ఈ దెబ్బ మగ పోకెమాన్ల మీదే పనిచేస్తుంది, స్టార్టర్లలో (గేమ్ మొదట్లో ఇచ్చే పోకెమాన్లలో) ఎనిమిదింట ఏడు మగవే వస్తాయి. అంటే చాలామంది పిల్లలు ఇక్కడ ఏడవడం వెనక గేమ్ తయారుచేసినవాళ్ల లెక్క ఉంది. దానికి తోడు మిల్క్ డ్రింక్ ఉంది, మీరు కష్టపడి సగం తగ్గించిన ప్రాణాన్ని ఒక్క గుక్కలో నింపేసుకుంటుంది.

ఇప్పుడు విరుగుడు. అదే ఊళ్లో డిపార్ట్‌మెంట్ స్టోర్ ఐదో అంతస్తులో ఒకడు డ్రౌజీ ఇస్తే మచాప్ ఇస్తానంటాడు. జపనీస్ పేర్లు సురీపు, వన్‌రికీ. డ్రౌజీ గోల్డెన్‌రాడ్‌కి దక్షిణాన రూట్ 34 గడ్డిలో దొరుకుతుంది. ఆ మచాప్ ఆడది, కాబట్టి అట్రాక్ట్ దాని మీద పారదు. ఫైటింగ్ టైప్ కాబట్టి రోలౌట్ సగమే తగులుతుంది, దాని దెబ్బలు మిల్‌టాంక్‌కి రెట్టింపు తగులుతాయి. ట్రేడ్‌లో వచ్చినది కాబట్టి అనుభవం కూడా ఒకటిన్నర రెట్లు వస్తుంది, తొందరగా ఎదుగుతుంది. లెవెల్ 13కి కరాటే చాప్ నేర్చుకోనివ్వండి. సమస్య పెట్టిన ఊళ్లోనే మందు కూడా పెట్టారు, ఆ డిజైన్ నాకు చాలా నచ్చుతుంది.

మచాప్ వద్దనుకుంటే ఆడ జియోడ్యూడ్ పట్టుకోండి. రాక్, గ్రౌండ్ రెండూ ఉన్నది కాబట్టి మిల్‌టాంక్ దెబ్బలు దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. ఇంకో దారి కూడా ఉంది, మొదటి జిమ్‌లో ఫాక్‌నర్ మీకు మడ్‌స్లాప్ టీఎమ్ (పోకెమాన్‌కి ఒక దెబ్బ నేర్పే వస్తువు) ఇచ్చాడు కదా, అది తగిలినప్పుడల్లా ఎదుటిదాని గురి తగ్గుతుంది. రెండు మూడుసార్లు కళ్లలో బురద కొడితే రోలౌట్ తప్పడం మొదలవుతుంది, ఒకసారి తప్పితే లెక్క మళ్లీ మొదటికి. సిండాక్విల్ స్మోక్‌స్క్రీన్ కూడా ఇదే పని చేస్తుంది. టీఎమ్ ఒక్కసారే వాడగలరు, ఆలోచించి నేర్పండి.

గెలిచాక ఆమె ఏడుస్తూ కూర్చుంటుంది, బ్యాడ్జ్ ఇవ్వదు. గేమ్ పాడైందనుకోకండి. తలుపు వైపు నడిస్తే జిమ్‌లో ఉన్న ఇంకో అమ్మాయి వచ్చి సర్దిచెప్తుంది, వెనక్కి వెళ్లి మళ్లీ మాట్లాడితే ఇస్తుంది.

సుయికూన్_వెంట

తమ్ముడూ, నువ్వు ఒసాకాలో ఉంటున్నావు కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. జోటో అంటే నువ్వు ఉన్న కన్సాయ్, దాని చుట్టుపక్కలే. నువ్విప్పుడు ఇరుక్కున్న గోల్డెన్‌రాడ్ మీ ఒసాకాయే. భూగర్భ దారిలో షాపులు, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్, కాంటో వైపు వెళ్లే మాగ్నెట్ ట్రైన్ అన్నీ చూశావుగా. ఆ ట్రైన్ ఇప్పుడు నడవదు, కాంటోలో పవర్ ప్లాంట్ బాగుచేశాకే కదులుతుంది, అప్పుడెక్కితే సాఫ్రన్‌లో దింపుతుంది. రోజూ బుల్లెట్ ట్రైన్లు ఆగే షిన్-ఒసాకా స్టేషన్ మీదుగా వెళ్లేవాళ్లకి ఈ సంగతి ఇంకోలా తగులుతుంది.

మొదటి జిమ్ ఉన్న వయొలెట్ నారా ప్రాంతం. అక్కడ స్ప్రౌట్ టవర్ మధ్య స్తంభం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, ఒక పెద్ద బెల్‌స్ప్రౌటే ఆ స్తంభమైందని ఊళ్లో చెప్తారు. నారాకి వెళ్తే హొర్యూజి గుడిలో ఐదంతస్తుల పగోడా చూడు, దాని మధ్యలో కూడా కింద నుంచి పై దాకా ఒకటే స్తంభం ఉంటుంది. గోల్డెన్‌రాడ్ దాటాక వచ్చే ఎక్రుటీక్ క్యోటో. నేను చదువుకునే రోజుల్లో క్యోటోలో ఉన్నాను, ఆ ఊరి సంగీతం వింటే ఇప్పటికీ అక్కడి ఇరుకు వీధులే గుర్తొస్తాయి. అక్కడ డాన్స్ థియేటర్‌లో కిమోనో కట్టుకున్న ఐదుగురు అక్కచెల్లెళ్లు ఉంటారు, ఒక్కొక్కరి దగ్గర ఈవీ నుంచి వచ్చిన ఒక్కో పోకెమాన్ ఉంటుంది. తొందరపడి ఓడించేసి వెళ్లిపోకు, ఊళ్లో అందరితో మాట్లాడు. రెండు గోపురాల్లో ఒకటి 150 ఏళ్ల క్రితం పిడుగు పడి కాలిపోయింది, మంటల్లో పేరు లేని మూడు పోకెమాన్లు చనిపోతే హో-ఓ అనే పక్షి పోకెమాన్ వచ్చి వాటిని బతికించింది, అవే రైకూ, ఎంటే, సుయికూన్. క్యోటోలో కింకకుజి కూడా 1950లో కాలిపోయింది, దాన్ని 1955లో మళ్లీ కట్టారు. గేమ్‌లో కాలిన గోపురాన్ని మాత్రం ఎవరూ మళ్లీ కట్టలేదు, అలాగే వదిలేశారు, లోపలికి అడుగుపెడితే నేల విరిగిన చెక్కలు. పిల్లల గేమ్‌లో ఒక ఊరికి ఇంత గతం పెట్టడం మామూలు విషయం కాదు.

మిగతా ప్రశ్నలకి అందరూ బాగా చెప్పారు. నా ఓటు కూడా పాత గోల్డ్‌కే, కన్సాయ్‌లో ఉండగా ఆడుతున్నావు కాబట్టి.

సుడోవుడో_చెట్టు

అక్క చెప్పింది చదివాక నాకే మళ్లీ ఆడాలనిపిస్తోంది. ఎక్రుటీక్ విషయంలో నేను వాదించను.

కాంటో గురించి మాత్రం ముందే చెప్పేస్తున్నా, మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఎలైట్ ఫోర్ తర్వాత పాత గేమ్‌లోని కాంటో అంతా తెరుచుకుంటుంది, ఇంకో 8 బ్యాడ్జులు, మొత్తం 16. కానీ చాలా కుదించేశారు. విరిడియన్ అడవి దారిలా మిగిలింది, సఫారీ జోన్ మూసేశారు, సినబార్ ద్వీపం అగ్నిపర్వతానికి బలైంది, బ్లేన్ తన జిమ్‌ని సీఫోమ్ గుహలోకి మార్చుకున్నాడు, లావెండర్‌లో సమాధుల గోపురం పోయి రేడియో టవర్ వచ్చింది. కథగా చూస్తే మూడేళ్లలో ఊళ్లు మారిపోయాయని బాగానే ఉంటుంది. ఆడేటప్పుడు మాత్రం బోసిగా అనిపిస్తుంది. హార్ట్‌గోల్డ్‌లో విరిడియన్ అడవి తిరిగొచ్చింది.

అయినా అంత చిన్న కార్ట్రిడ్జ్‌లో కాంటో పట్టిందంటే దానికి సతోరు ఇవాటానే కారణం అంటారు. జోటోకే చోటు సరిపోకపోతే ఆయన వచ్చి ప్రోగ్రామ్ కుదించి ఇంకో ప్రాంతం పట్టేలా చేశాడట.

ఇలెక్స్_అడవి

ఆ కథని కొంచెం జాగ్రత్తగా చెప్పుకోవాలి బ్రో, నెట్‌లో పెరిగి పెరిగి అలా తయారైంది. ఇవాటా అప్పుడు హాల్ లాబరేటరీ అనే వేరే గేమ్ కంపెనీకి ప్రెసిడెంట్, ఈ గేమ్ చేసిన గేమ్ ఫ్రీక్ ఉద్యోగి కూడా కాదు. గోల్డ్, సిల్వర్ కోసం ఆయన గ్రాఫిక్స్‌ని కుదించే టూల్ చేసిచ్చాడు, ఇది గేమ్ తయారుచేసినవాళ్లే హార్ట్‌గోల్డ్ వచ్చినప్పటి ఇంటర్వ్యూలో చెప్పారు. రెడ్, గ్రీన్ యుద్ధాల ప్రోగ్రామ్‌ని సోర్స్ కోడ్ చదివి నింటెండో 64 స్టేడియం గేమ్‌కి వారం రోజుల్లో మార్చింది కూడా ఆయనే, దాన్ని రాసిన మొరిమొటోయే ఆశ్చర్యపోయాడు. కాంటో మొత్తం ఒక్కడే పట్టించాడు అన్నది మాత్రం ఆ తర్వాత జనం కలుపుకున్నది. ఉన్నది చెప్పుకున్నా ఆయన గొప్పతనం ఏమీ తగ్గదు, ఒక కంపెనీ నడుపుతూ వేరేవాళ్ల గేమ్ కోసం కూర్చుని టూల్స్ రాశాడు. 2002లో నింటెండో ప్రెసిడెంట్ అయ్యాడు, 2015లో పోయాడు.

1997లో నింటెండో స్పేస్‌వరల్డ్ ప్రదర్శనలో ఈ గేమ్‌ని జనం చేతికిచ్చి ఆడించారు. దాన్ని చాలావరకు పక్కనపెట్టి కొత్తగా చేసి 1999 నవంబర్ 21న విడుదల చేశారు. పోకెమాన్‌ని సృష్టించిన సతోషి తజిరి జట్టు మొదటి గేమ్‌తో గెలిచి, అదే ఊపులో ఏదో ఒకటి వదిలేయకుండా రెండేళ్లు ఆగింది చూడండి, నాకు దాని మీద చాలా గౌరవం.

హూట్‌హూట్_రాత్రి

విట్నీని గెలిచాను! మచాప్, మడ్‌స్లాప్ రెండూ వాడాను, రోలౌట్ రెండోసారే తప్పింది, ఆ తర్వాత కరాటే చాప్‌తో అయిపోయింది. వన్‌రికీ బ్రో, మీకు పెద్ద థాంక్స్. నిజంగానే ఏడ్చింది ఆమె. అక్కా, ఎక్రుటీక్‌లో అందరితో మాట్లాడుతున్నాను, ఈ శనివారం హొర్యూజికి వెళ్దామనుకుంటున్నాను.

చివరిగా ఒకటి అడుగుతాను. ముందుకు వెళ్లేకొద్దీ లెవెల్స్ సరిపోవని ఎక్కడో చదివాను, ఇప్పటినుంచే ఏమైనా జాగ్రత్తపడాలా?

వన్‌రికీ_కండలు

సరిపోవు, నిజమే. ఎక్రుటీక్ తర్వాత దారి చీలుతుంది, ఎటైనా వెళ్లొచ్చు కాబట్టి రెండు వైపులా అడవి పోకెమాన్ల లెవెల్స్ తక్కువగానే పెట్టారు. దానివల్ల ఆఖరి జిమ్‌లో క్లెయిర్ కింగ్‌డ్రా లెవెల్ 40 అయితే మీవి 30 దాటి అటూఇటూగా ఉంటాయి. ఎలైట్ ఫోర్ తర్వాత వచ్చే ఛాంపియన్ లాన్స్ డ్రాగొనైట్ 50. కాంటో జిమ్‌లు కూడా 40, 50లలోనే నడుస్తాయి. ఆ తర్వాత మౌంట్ సిల్వర్ గుహ చివర రెడ్ ఉంటాడు, ఫైర్‌రెడ్‌లో మీరు ఆడిన అబ్బాయే, ఒక్క మాటా మాట్లాడడు, అతని పికాచు లెవెల్ 81. మధ్యలో మెట్లు లేకుండా ఒక్కసారిగా ఎక్కించారు, ఈ గేమ్‌లో నాకు నచ్చనిది ఇదొక్కటే.

ఆరుగురినీ సమానంగా పెంచాలని చూడకండి, నలుగురిని గట్టిగా పెంచి మిగతా ఇద్దరిని సర్ఫ్, ఫ్లై లాంటి పనులకి ఉంచుకోండి. ఫోన్‌లో ట్రైనర్లు పిలిస్తే వెళ్లండి, వాళ్ల లెవెల్స్ కూడా మెల్లగా పెరుగుతాయి. లేక్ ఆఫ్ రేజ్‌లో ఎర్ర గ్యారడాస్ కచ్చితంగా వస్తుంది, లెవెల్ 30, దాన్ని ఓడించకండి, పట్టుకోండి. మామూలుగా ఇలా వేరే రంగులో ఉండే షైనీ దొరకాలంటే 8192లో ఒక్క అవకాశం. ఎలైట్ ఫోర్ ఒకసారి గెలిచాక మళ్లీ మళ్లీ వెళ్లొచ్చు, రెడ్ కోసం అందరూ అక్కడే పెంచుకుంటారు. ఐస్ దెబ్బ ఒకటి దగ్గర పెట్టుకోండి, లాన్స్ దగ్గర డ్రాగొనైట్లు మూడు ఉంటాయి.